లేబియాప్లాస్టీ: అడ్వాన్స్ కట్టే ముందు ఏం అడగాలి, ఏం చూడాలి, ఏం రాయించుకోవాలి

యోనిద్వారానికి రెండు పక్కలా మందంగా, వెంట్రుకలతో ఉండేవి బయటి పెదవులు. వాటి లోపల పల్చగా, వెంట్రుకలు లేకుండా ఉండేవి లోపలి పెదవులు. ఈ లోపలి పెదవులను కొంత కోసి చిన్నవి చేసే ఆపరేషన్‌ను లేబియాప్లాస్టీ అంటారు. గంట, గంటన్నరలో అయిపోతుంది. చాలాచోట్ల అదే రోజు ఇంటికి పంపేస్తారు. అందుకే క్లినిక్‌లలో దీన్ని ‘చిన్న ప్రొసీజర్’ అంటుంటారు. అయితే కోసి పారేసిన చర్మం మళ్లీ రాదు. పైగా ఆ చర్మం నిండా స్పర్శ తెలిపే నరాలుంటాయి. కాబట్టి ఖర్చు గురించైనా, భద్రత గురించైనా అడగాల్సినవన్నీ డబ్బు కట్టకముందే అడిగేయాలి. కట్టాక అడిగితే జవాబులు వేరుగా ఉంటాయి.

మొదట: అసలు అవసరమా?

ఈ ఆపరేషన్ గురించి ఆలోచించేవాళ్లలో చాలామంది తమ శరీరం అందరిలా లేదనుకుంటారు. ‘అందరిలా’ అనేదానికి ఇక్కడ కొలత లేదు. లండన్‌లో 50 మంది స్త్రీలను కొలిచి 2005లో ప్రచురించిన అధ్యయనంలో లోపలి పెదవుల వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉంది. అంటే ఒకరికి అర సెంటీమీటరు దాటితే, ఇంకొకరికి ఐదు సెంటీమీటర్లు. లోపలి పెదవులు బయటి పెదవులను దాటి కనిపించడం, ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉండటం, అంచులు ముడతలుగా, నల్లగా ఉండటం అన్నీ మామూలే. యుక్తవయసులోనూ కాన్పుల తర్వాతా రంగు ముదరడం హార్మోన్ల పని, రోగం కాదు.

మంట, దురద, రాపిడి ఉంటే ప్లాస్టిక్ సర్జన్ కంటే ముందు గైనకాలజిస్టుకు చూపించుకోండి. ఫంగస్ ఇన్ఫెక్షన్, అదుపులో లేని షుగర్, వాసన కలిపిన ప్యాడ్లు, ‘ఇంటిమేట్ వాష్’ల వల్ల వచ్చే అలర్జీ ఇవే బాధలు పెడతాయి. లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి ఉంటే అక్కడి చర్మం తెల్లబడి, పలచబడి, చీలుతుంది. అది అదుపులో లేనప్పుడు కోస్తే గాయమైన చోటే మళ్లీ రేగుతుంది. ఈ కారణాలకు పెదవులు కోసినా దురద అలాగే ఉంటుంది, ఖర్చు మాత్రం మిగులుతుంది.

రాపిడి ఒక్కటే సమస్య అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా చేసి చూడండి: వదులైన కాటన్ లోదుస్తులు, బిగుతు జీన్స్‌కు సెలవు, సబ్బు మాని మామూలు నీళ్లతో కడగడం, షేవింగ్ బదులు కత్తెరతో ట్రిమ్మింగ్, నడకకు, సైకిల్‌కు, బండి ప్రయాణానికి ముందు పలచగా పెట్రోలియం జెల్లీ. చాలామందికి ఇది సరిపోతుంది.

ఇవన్నీ చేసినా కూర్చుంటే, నడిస్తే, కలయికలో చర్మం లోపలికి మడతపడి లాగినట్టయి నొప్పి వస్తోందా? అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడటంలో అర్థముంది. ఆపరేషన్ తర్వాత ఎక్కువ ఊరట దొరికేది కూడా ఇలాంటి బాధ ఉన్నవాళ్లకే.

కొందరు మాత్రం ఆగాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు ఇది వద్దు. అప్పటికి ఎదుగుదల పూర్తికాదు, ఒకవైపు పెద్దగా ఉన్నది తర్వాత సర్దుకోవచ్చు. బ్రిటన్ ప్రసూతి, స్త్రీ వైద్యుల రాయల్ కాలేజీ 2013లోనే ఈ మాట చెప్పింది. గర్భిణులు, కాన్పు అయి ఆరు నెలలు దాటనివాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు కూడా ఆగాలి. భర్తో, కాబోయే భర్తో ఏదో అన్నాడని వచ్చినవాళ్లు అందరికంటే ఎక్కువగా ఆగాలి. ఆ మాటకు మందు థియేటర్లో లేదు. రోజులో ఎక్కువసేపు దీని గురించే ఆలోచిస్తూ, అద్దంలో పదే పదే చూసుకుంటూ, ఎవరు బాగానే ఉందన్నా నమ్మలేకపోతుంటే ముందు మానసిక వైద్యుల్ని కలవండి. ఆ స్థితిలో చేయించుకున్న ఆపరేషన్ సాధారణంగా తృప్తినివ్వదు.

రెండోది: ఎవరు కోస్తున్నారు, ఎక్కడ కోస్తున్నారు?

ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఆర్‌ఎన్‌బీ గానీ (రెండూ పీజీ తర్వాత చేసే స్పెషలిస్టు డిగ్రీలు) చేసినవాళ్లు, లేదా ఈ ఆపరేషన్‌లో ప్రత్యేకంగా శిక్షణ పొందిన గైనకాలజిస్టు చేయాలి. ‘కాస్మెటాలజిస్ట్’, ‘ఈస్థటిక్ ఫిజీషియన్’ అనే బోర్డులు సర్జరీ అర్హతలు కావు. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ జాబితాలోగానీ, జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లోగానీ చూడండి. పేరు ఉందా అన్నదొక్కటే చూసి ఊరుకోకండి, నమోదైన పీజీ అర్హత ఏమిటో కూడా చూడండి. నంబరు అడిగితే నొచ్చుకునే చోటు నుంచి లేచి వచ్చేయడం మేలు.

సర్జన్‌ను ముఖాముఖి కలిసినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు తప్పక అడగండి. ఈ ఆపరేషన్ మీరు స్వయంగా ఎన్ని చేశారు? వాటిలో కుట్లు ఊడినవి, మళ్లీ చేయాల్సి వచ్చినవి ఎన్ని? నాకు ఏ పద్ధతి, ఎందుకు? రాత్రి పన్నెండుకు రక్తం కారితే ఫోన్ ఎత్తేది ఎవరు, నన్ను చూసేది ఏ ఆసుపత్రిలో? ‘మా దగ్గర ఒక్కరికీ సమస్య రాలేదు’ అంటే చేసినవి తక్కువైనా అయి ఉండాలి, నిజం చెప్పకపోయినా ఉండాలి. కౌన్సెలర్ మాత్రమే మాట్లాడి, సర్జన్‌ను ఆపరేషన్ రోజే చూపిస్తామంటే ఒప్పుకోకండి.

స్థలం విషయానికొస్తే, జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్టరైన ఆసుపత్రి కావాలి. ఆక్సిజన్, మానిటర్, మత్తు డాక్టరు ఉన్న ఆపరేషన్ థియేటర్ కావాలి. బ్యూటీ క్లినిక్ వెనక గదిలో, లోకల్ ఇంజెక్షన్‌తో చేసేస్తామంటే ఒక లెక్క గుర్తుంచుకోండి. మత్తు ఇచ్చే లిగ్నోకెయిన్‌కు పరిమితి ఉంది: అడ్రినలిన్ కలిపినదైతే కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు దాటకూడదు. యాభై కిలోల స్త్రీకి 350 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందైతే 17.5 మిల్లీలీటర్లు. అడ్రినలిన్ లేనిదైతే ఈ పరిమితి ఇంకా తక్కువ. మోతాదు మించితే మూతి చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు మొదలవుతాయి. ఆ తర్వాత ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఆ లక్షణాలు తెలిసిన వెంటనే నోరు తెరిచి చెప్పాలి. దానికి విరుగుడుగా నరంలోకి ఎక్కించే లిపిడ్ ఎమల్షన్ అనే కొవ్వు ద్రావణం థియేటర్లో ఉందా అని ముందే అడగడం తప్పేమీ కాదు.

లేజర్‌తో ‘వెజైనల్ రిజువనేషన్’ (యోనిని బిగుతుగా, కొత్తగా చేస్తామనే చికిత్స) కూడా కలిపి ప్యాకేజీ ఇస్తామంటే వద్దనండి. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2018 జులైలో ఈ పనికి అమ్ముతున్న లేజర్, రేడియో తరంగాల పరికరాలపై హెచ్చరిక ఇచ్చింది. కాలిన గాయాలు, మచ్చలు, కలయికలో నొప్పి, దీర్ఘకాలపు నొప్పి వచ్చిన కేసులను అందులో చెప్పింది.

మూడోది: పద్ధతి ఏమిటో తెలుసుకోండి

అంచు కత్తిరింపు తేలిక. బయటికి వచ్చిన అంచును పొడవునా కోసి కుడతారు. నల్లటి అంచు పోతుంది, కొందరికి అదే కావాలి. కానీ మచ్చ మొత్తం అంచు వెంబడి వస్తుంది. అంచు అలలు అలలుగా మారవచ్చు. చెయ్యి కాస్త ఎక్కువ నడిస్తే పెదవి దాదాపు లేకుండా పోతుంది. ఈ పద్ధతిలో అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది ఈ అతి కత్తిరింపుకే. లోపలి పెదవులు యోనిద్వారం ఎండిపోకుండా, మూత్రం ధార చెదరకుండా కాపాడతాయి. అవి పోతే పొడిదనం, రాపిడి, మచ్చ నొప్పి మిగులుతాయి, తిరిగి కట్టడం చాలా కష్టం. కనీసం ఒక సెంటీమీటరైనా మిగల్చాలని అనుభవమున్న సర్జన్లు చెబుతారు. మీ కేస్ షీటులో అది రాయించండి.

రెండో పద్ధతిలో మధ్యలోంచి ఆంగ్ల ‘వి’ ఆకారంలో ఒక ముక్క తీసి, రెండు వైపులను దగ్గరికి లాగి కుడతారు. సహజమైన అంచు అలాగే ఉంటుంది. చిక్కు ఏమిటంటే ఆ లాగుడు బరువంతా కుట్టు మీదే పడుతుంది. బిగుతుగా కుట్టినా, పొగ తాగినా, మొదటి వారంలోనే కాళ్లు చాచి తిరిగినా కుట్టు విడిపోయి మధ్యలో గంటు పడుతుంది. మూడో పద్ధతిలో పెదవి మధ్యలో పై పొర మాత్రమే తీసి కుడతారు. నరాలకు, రక్తనాళాలకు దెబ్బ తక్కువ, కానీ పెదవి మందంగా కనిపించవచ్చు.

గీతలు మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే గీయాలి. మందు ఎక్కాక చర్మం ఉబ్బి కొలత తప్పుతుంది. ఎంత తీస్తారో ఆ గీతలు చేతిలో అద్దంతో మీకు చూపించమనండి.

క్లిటోరిస్ (లోపలి పెదవులు పైన కలిసేచోట ఉండే సున్నితమైన భాగం) మీది చర్మాన్ని కూడా తగ్గించడం చాలాచోట్ల ‘కాస్త అదనంగా’ అమ్ముతారు. దాని కింద నరాలు చాలా దగ్గరగా వెళ్తాయి, దెబ్బ తగిలితే స్పర్శ పోవచ్చు లేదా తాకితేనే నొప్పి పుట్టవచ్చు. గట్టి అవసరం లేకుండా దీనికి ఒప్పుకోవద్దని మా గట్టి సలహా. సమ్మతి పత్రంలో ఏం చేస్తారో పేరుపేరునా ఉండాలి. మత్తులో ఉండగా, ప్రాణాపాయం లేనప్పుడు, పత్రంలో రాయని పని చేయడానికి వీల్లేదని 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సంతకం మీది చాలు. మేజరైన స్త్రీ తన ఒంటి మీద ఆపరేషన్‌కు భర్త అనుమతి తీసుకోవాల్సిన పని లేదు. ఫొటోల సమ్మతి వేరే కాగితం, దాన్ని కాదనే హక్కు మీకుంది.

నాలుగోది: డబ్బు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో చెప్పే ధరలు సాధారణంగా 40 వేల నుంచి లక్ష రూపాయలు, కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఇంకా పైన. ఆ అంకెలో ఏం ఉందో తెలియకపోతే రెండు కొటేషన్లను పోల్చలేరు. ఒకరు సర్జన్ ఫీజు మాత్రమే చెబుతారు, ఇంకొకరు థియేటర్, మత్తు, మందులు కలిపి చెబుతారు.

ఒక లెక్క చూడండి. ఫోన్లో చెప్పింది 50 వేలు అనుకుందాం, అందులో సర్జన్ ఫీజు, థియేటర్ ఉన్నాయి. మత్తు డాక్టరుకు 8 వేలు, రక్త పరీక్షలకు 4 వేలు, మందులు, ప్యాడ్లు, పరుపు మీద వేసే షీట్లకు 3 వేలు. ఆ పైన సర్జన్, థియేటర్, మత్తు కలిపి 58 వేల మీద 18 శాతం జీఎస్టీ, అంటే 10,440. మొత్తం 75,440. ఫోన్లో విన్న 50 వేలు సగం ఎక్కువైంది. ఊరినుంచి వచ్చేవాళ్లు మూడు నాలుగు రాకపోకలు, పది రోజుల సెలవు కూడా కలుపుకోవాలి.

జీఎస్టీ దగ్గర చాలామంది తికమకపడతారు. మామూలు వైద్యసేవలకు పన్ను లేదు. అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి మాత్రం మినహాయింపు వర్తించదు. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదల లోపం, గాయం వల్ల దెబ్బతిన్న శరీరభాగాన్ని సరిచేసేవాటికే పన్ను ఉండదు. ‘బిల్లు లేకుండా చేస్తే పన్ను తగ్గుతుంది’ అంటే వద్దనండి. రేపు తేడా వస్తే మీ దగ్గర ఆధారమేదీ ఉండదు.

బీమా దాదాపు రాదు. అందం కోసం చేసే సర్జరీ ఆరోగ్య పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లో ఉంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణం అయితేనో, ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పు తీయడానికి అవసరమని వైద్యులు ధ్రువీకరిస్తేనో మాత్రమే పరిశీలిస్తారు. రాపిడి నొప్పి ఉన్నవాళ్లు గైనకాలజిస్టు రాసిన చీటీలతో ముందస్తు అనుమతి అడగవచ్చు. లిఖితపూర్వకంగా ‘అవును’ వచ్చేదాకా సొంత డబ్బే అనుకుని లెక్క వేసుకోండి. డబ్బులు తిరిగి వస్తాయని ఎవరో చెబితే నమ్మి అప్పు చేయకండి.

లిఖితపూర్వకంగా ఇంకా అడగాల్సింది: కుట్టు ఊడితే, లేదా రక్తం గడ్డ కడితే మళ్లీ థియేటర్ ఖర్చు ఎవరిది? ఎన్ని నెలల్లోపు సరిచేస్తే సర్జన్ ఫీజు ఉండదు? ఆపరేషన్‌కు ముందు మనసు మార్చుకుంటే అడ్వాన్స్‌లో ఎంత తిరిగి వస్తుంది? ‘ఈ రోజే కడితే సగం ధర’ అన్న ఆఫర్‌కు లొంగకండి. మొదటి సంప్రదింపుకూ ఆపరేషన్‌కూ మధ్య కనీసం రెండు వారాలు వదలండి.

విదేశాల్లో ఉండి సెలవుల్లో ఇక్కడికి వచ్చి చేయించుకునే తెలుగువారు కనీసం రెండు వారాలు ఊళ్లోనే ఉండేలా టికెట్ చూసుకోవాలి. మొదటి పది రోజుల్లోనే కుట్లు ఊడే భయం ఎక్కువ. పైగా పదిహేను గంటల విమాన ప్రయాణంలో వాచిన చోట కూర్చోవడం, కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం రెండూ చిక్కే. ఆరో వారం పరీక్ష అక్కడ ఎవరు చేస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. ఇక్కడ చేసిన ఆపరేషన్‌లోని చిక్కును చూడటానికి అక్కడి సర్జన్లు వెనకాడవచ్చు.

ఐదోది: ముందు రోజులు

నెలసరి అయిపోయిన వెంటనే తేదీ పెట్టుకుంటే తడి, ప్యాడ్ల రాపిడి లేకుండా రెండు మూడు వారాలు దొరుకుతాయి. పొగ తాగేవాళ్లు నాలుగు వారాల ముందే మానాలి, చర్మానికి రక్తప్రసరణ తగ్గి కుట్టు మానదు. ఆస్పిరిన్, ఎకోస్ప్రిన్, ఐబుప్రొఫెన్, చేపనూనె, విటమిన్-ఇ మాత్రలు ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి. గుండె కోసమో, స్టెంట్ కోసమో వాడుతున్నవి మాత్రం గుండె డాక్టరు చెప్పకుండా ఆపకండి. సీబీపీ, షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), రక్తం గడ్డకట్టే పరీక్షలు, హెచ్‌ఐవీ, హెపటైటిస్, గర్భపరీక్ష చేయించి, మత్తు డాక్టరు చెకప్ పూర్తి చేయించుకోండి. అక్కడ షేవ్ చేసుకోకండి, చిన్న కోతల్లోంచి ఇన్ఫెక్షన్ వస్తుంది.

ఇంటి దగ్గర ఏర్పాట్లు: కూర్చునే తరహా టాయిలెట్, నీళ్లు చల్లుకోవడానికి ముక్కున్న సీసా, మెత్తని దిండు, వదులైన నైటీలు, పెద్ద సైజు కాటన్ లోదుస్తులు, ఇసబ్‌గోల్. ఇండియన్ టాయిలెట్ మీద గొంతుక్కూర్చోవడం మొదటి రెండు వారాల్లో కుట్లకు శత్రువు. ఇంట్లో అదొక్కటే ఉంటే దానిమీద పెట్టే కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది.

ఆరోది: తర్వాత

వాపు రెండో, మూడో రోజుకు బాగా పెరుగుతుంది. ‘ఇంకా పెద్దవయ్యాయే’ అని కంగారు పడకండి. మొదటి రెండు మూడు రోజులు ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టి, ఒక గంట ఆపండి. గుడ్డ లేకుండా పెడితే స్పర్శ తెలియని చర్మం మంచుకు కాలిపోతుంది. పిరుదుల కింద దిండు పెట్టుకుని పడుకోండి. పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి చాలావరకు సరిపోతుంది. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది కనుక కలిపి వేసుకోకండి.

మూత్రం పోసేటప్పుడు అక్కడ గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే మంట తగ్గుతుంది. తుడవకండి, గుడ్డతో అద్దండి. పసుపు, వేపాకు ముద్ద, కొబ్బరినూనె, డెట్టాల్ నీళ్లు ఏవీ వద్దు. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, అయినా వద్దనే చెప్పాలి. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే కుట్టు మీద ఒత్తిడి పడుతుంది.

కుర్చీ పనికి వారం, పది రోజుల్లో వెళ్లవచ్చు. స్కూటీ, సైకిల్, జిమ్, ఈత నాలుగు నుంచి ఆరు వారాలు వద్దు. కలయిక, ట్యాంపన్, మెన్‌స్ట్రువల్ కప్ ఆరు వారాల దాకా వద్దు, అది కూడా సర్జన్ చూసి సరేనన్నాకే. కుట్లు రెండు నుంచి నాలుగు వారాల్లో కరిగిపోతాయి. చివరి ఆకారం మూడు నుంచి ఆరు నెలలకు గానీ తెలియదు, అందుకే అంతకుముందు మళ్లీ కోయించుకోవడానికి తొందరపడకండి.

వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి: గంటకొక ప్యాడ్ పూర్తిగా తడిసే రక్తం, ఒకవైపు గబగబా వాచి ఊదారంగుకు తిరిగి భరించలేని నొప్పి, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, 101 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, చీము లేదా దుర్వాసన. ఒకవైపు గబగబా వాపు లోపల రక్తం గడ్డ కడుతోందనడానికి గుర్తు, దాన్ని తీయకపోతే పైన ఉన్న చర్మం చచ్చిపోతుంది. కుట్టు కొద్దిగా విడిపోతే సొంతంగా అతికించుకోవద్దు. చాలాసార్లు అప్పుడే మళ్లీ కుట్టరు, శుభ్రంగా ఉంచి మానాక సరిచేస్తారు.

తేడా వస్తే

ముందు మీ కేస్ షీటు, ఆపరేషన్ నోట్స్, సమ్మతి పత్రం కాపీలు రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఇంకొక ప్లాస్టిక్ సర్జన్ అభిప్రాయం రాయించుకోండి. తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోండి. డాక్టరు నడవడికపై రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు, డబ్బు, నష్టపరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫైలింగ్ ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. అక్కడ మొదట అడిగేది బిల్లు, ఆ తర్వాత సమ్మతి పత్రం.